శ్రీశైలం బాటలో ఒక పగలు

ఉగాది పది రోజులుందనగా ఆదోని, ఎమ్మిగనూరు దారులు తెల్లవారకముందే మేలుకుంటాయి. రాయచూరు, బాగల్‌కోట, బెళగావి వైపు నుండి కన్నడ భక్తులు కాలినడకన శ్రీశైలం వెళ్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి సారె మోసుకెళ్తారు. కర్రకాళ్ల మీద నడిచేవారూ ఉంటారు. "నీరు కొడి అక్కా" అంటే మన దేవనకొండ వైపు ఎవరికీ అర్థం చెప్పనక్కరలేదు. మన సంఘస్థులు కొందరు ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవానికి నడిచి వెళ్తారు కదా, ఈ మాటలు వారికి కూడా.

ఎమ్మిగనూరు నుండి గోనెగండ్ల వరకు మేము ఒక పగలు వారి వెంట నడిచాము. చీకటితో బయలుదేరితే ఎనిమిది గంటల దాకా హాయిగానే ఉంది. పది దాటేసరికి తారు రోడ్డు పెనంలా కాలింది. చింతచెట్ల కింద గుంపులు ఆగిపోయాయి. ఎండు జొన్నరొట్టెలు, శనగకాయల పొడి మూటలు విప్పారు. మాకూ పెట్టారు. మేము పాదాలు చూస్తామంటే మొదట నవ్వారు, తర్వాత వరుసగా కూర్చున్నారు.

దాదాపు అందరికీ బొబ్బలే. కానీ మమ్మల్ని నిలిపింది ఒక పెద్దాయన అరికాలు. బొబ్బ పగిలి, అందులో చిన్న గులకరాయి ఇరుక్కొని ఉంది. "నొప్పి ల్యాదమ్మా, సురుక్కు కూడా ల్యాదు" అన్నాడు. పదేళ్లుగా షుగరట. నొప్పి లేకపోవడమే ఇక్కడ ప్రమాదం. షుగరు ఎక్కువకాలం అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, కాలినా తెలియదు. పుండు లోపలికి పాకి, చివరికి వేలో కాలో తీసేయవలసి వస్తుంది. కడిగి కట్టు కట్టాము. బస్సెక్కమంటే ఒప్పుకోలేదు, చెప్పులకు మాత్రం ఒప్పుకున్నాడు.

ఆత్మకూరు దాటాక వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల అడవి, రాళ్ల దారి. అక్కడికి ఆటో రాదు. అందుకే పుండును ఇక్కడే, మన ఊళ్ల దగ్గరే కనిపెట్టాలి.

షుగరున్నవారు వట్టి కాళ్లతో నడవవద్దు. మొక్కు ఉందంటారా, గుడి దగ్గర చెప్పులు విడవండి. ప్రతి మజిలీలో అరికాలు, వేళ్ల సందులు పక్కవారితో చూపించుకోండి. బొబ్బను సూదితో పొడవవద్దు, పసరు పూయవద్దు. మందులు, ఇన్సులిన్ మానవద్దు, తిండీ మానవద్దు. ఇన్సులిన్‌ను ఎండలో సంచిలో పెట్టక, తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టికుండలో ఉంచండి, సీసాలోకి నీళ్లు పోకుండా.

దారిన నీళ్లు పోసే మన కుటుంబాలకు ఒక మాట. ఎవరైనా ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడితే, తూలితే, అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. వెంటనే 108కి ఫోను చేయండి, అంబులెన్సు వచ్చేదాకా తడపడం ఆపకండి.