కరెంటు ఖర్చవుతుందా?

కృష్ణగిరి జిల్లాలోని మత్తూరు, హోసూరు ప్రాంతాల్లో ఇంట తెలుగు, బడిలో తమిళమో ఇంగ్లీషో వాడే పిల్లలను మేము ఒక చిన్న ప్రశ్న అడుగుతూంటాం. ఒకే రకం బల్బులు రెండింటిని ఒకదాని తరవాత ఒకటిగా సెల్లుకు కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? చాలామంది "మొదటిది" అంటారు. అది కొంత కరెంటు వాడుకోగా మిగిలింది రెండోదానికి చేరుతుందని వారి తర్కం. నిజానికి రెండూ సమానంగానే వెలుగుతాయి.

ఈ పొరపాటుకు మూలం మందబుద్ధి కాదు, మాట. 'కరెంటు పోయింది' అన్నప్పుడు కరెంటంటే సరఫరా. 'కరెంటు ఎక్కువ కాలింది' అన్నప్పుడు శక్తి. పాఠంలో మాత్రం తీగలో ఆవేశం ప్రవహించే రేటు. దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. ఇంటి మీటరు లెక్కించే యూనిట్టు ఒక కిలోవాట్-గంట, అంటే 36 లక్షల జౌళ్ల శక్తి. బల్బులో వెలుగుగా, వేడిగా మారేది ఆ శక్తే. ఆవేశం సెకనుకు ఎంత లోపలికి పోతుందో అంతా బయటికి వస్తుంది.

కాలువ పోలిక ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. కృష్ణగిరి డ్యాం కాలువలో నీరు ఎగువ మళ్లకు పారాక దిగువకు తగ్గుతుందని రైతుబిడ్డకు తెలుసు. అదే లెక్క తీగకూ వేస్తాడు. సైకిలు గొలుసు పోలిక మేలు. పెడలు దగ్గర ఎన్ని లంకెలు కదిలితే వెనక చక్రం దగ్గరా అన్నే కదులుతాయి. అయినా చక్రానికి పని అందుతుంది. గొలుసు ఎక్కడ తెగినా అంతా ఆగుతుంది. అందుకే స్విచ్చి బల్బుకు ఏ వైపున ఉన్నా దీపం ఆరుతుంది. ఇంట్లో మాత్రం అది ఫేజు తీగలోనే ఉండాలి. న్యూట్రల్‌లో ఉంటే దీపం ఆరినా హోల్డరు తాకితే షాకు కొడుతుంది.

సెల్లు ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందనేది మరో అపోహ. మామూలు టార్చి సెల్లు నిలబెట్టేది సుమారు 1.5 వోల్టుల పొటెన్షియల్ భేదాన్ని. ప్రవాహం ఎంతో తేల్చేది వలయంలోని నిరోధం. రెండో బల్బు కలపగానే మొదటిదీ మసకబారడం ఇందువల్లే.

తమిళంలో చదివేవారికి ఇంకో చిక్కుంది. పాఠంలో 'మిన్‌తడై' నిరోధం. పత్రికలో అదే మాటకు కరెంటు కోత అని అర్థం. నిరోధం ప్రవాహాన్ని తగ్గిస్తుందే గాని కోతలాగా ఆపివేయదు. అయితే వోల్టేజికి తమిళులు వాడే 'మిన్నళుత్తం', అంటే విద్యుత్తు ఒత్తిడి, మన 'పొటెన్షియల్ భేదం' కన్నా సులువుగా మనసుకెక్కుతుంది.

రెండు భాషల పిల్లలకు ఈ పోల్చి చూసే అవకాశం చేతిలోనే ఉంది. జవాబు రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకొంటే చాలు: ఇక్కడ కరెంటంటే సరఫరానా, శక్తా, ప్రవాహమా?