కథ ఎవరిది, రాత ఎవరిది?



ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి జయంతికి మన బడి పత్రిక తేవడం మామూలే. రచనలు రావడం మొదలైందంటే ఆఫీసు గదికి ఫిర్యాదులు కూడా మొదలవుతాయి. "మావాడి కథ చూసి ఆ పాప రాసేసింది సార్" అని ఒకరు. "ఇది ఎక్కడో చదివినట్టుందే, ఈ పిల్లవాడి సొంతం కాదు" అని ఇంకొకరు. పోయిన ఏడాది ఎనిమిదో తరగతిలో ఇద్దరు పిల్లలు నీళ్ల ట్యాంకరు దగ్గర జరిగే కొట్లాట మీదే కథ రాశారు. ఒకరి ఇంటివాళ్లు వచ్చి రెండో కథ వేయొద్దన్నారు. చదివి చూస్తే ట్యాంకరు తప్ప రెండింటికీ పోలికే లేదు. ఒకదాంట్లో బిందె పట్టుకున్న అవ్వ అందరినీ వరసలో నిలబెడుతుంది, రెండోదాంట్లో ట్యాంకరు డ్రైవరు కూతురు కథ చెబుతుంది. రెండూ వేశాం. కానీ కాపీ అన్న మాట పడిన పాప ఈ సంవత్సరం ఏమీ రాయనంటోంది. అందుకే ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ఇలాంటి తగవు ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆర్.జి. ఆనంద్ అనే రచయిత 1953లో 'హమ్ హిందుస్తానీ' అని ఒక నాటకం రాశారు. ఢిల్లీలో పక్కపక్కనే ఒక పంజాబీ కుటుంబం, ఒక మద్రాసీ కుటుంబం. (ఉత్తరాది వాళ్ల లెక్కలో అప్పట్లో మనమంతా మద్రాసీలమే!) పిల్లలు ప్రేమించుకుంటారు, పెద్దవాళ్లు భాష వేరు, మనుషులు వేరు అని అడ్డం పడతారు. 1954లో నాటకం ఆడింది, మంచి పేరొచ్చింది. తరవాతి ఏడాది ఒక సినిమా దర్శకుడు ఢిల్లీ వచ్చి ఆనంద్ గారి నోటనే నాటకం మొత్తం విన్నాడు. మళ్లీ ఏ కబురూ లేదు. 1956లో 'న్యూ ఢిల్లీ' అనే హిందీ సినిమా వచ్చింది. కిశోర్ కుమార్ పంజాబీ అబ్బాయి, వైజయంతిమాల మద్రాసీ అమ్మాయి. ఆనంద్ గారు చూసి, ఇది నా నాటకమే అని కోర్టుకెక్కారు.

కింది కోర్టులో ఓడారు, హైకోర్టులో ఓడారు, 1978లో సుప్రీంకోర్టులోనూ ఓడారు. వినగానే అన్యాయమనిపిస్తుంది కదా? కోర్టు రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూసింది. భాషాభేదాల వల్ల పెళ్లి ఆగడం అన్న ఊహ రెండింట్లోనూ ఉంది. కానీ ఊహ మీద, ఇతివృత్తం మీద ఎవరికీ హక్కు లేదంది. నాటకం రెండు కుటుంబాల చుట్టూనే తిరుగుతుంది. సినిమాలో ఇల్లు అద్దెకివ్వడానికి కూడా "మీరే ప్రాంతం వాళ్లు" అని అడగడం ఉంది, అందుకోసం కుర్రవాడు మద్రాసీ వేషం కట్టడం ఉంది, కట్నం గొడవ ఉంది, పైగా ఒక బెంగాలీ చిత్రకారుడు కూడా ఉన్నాడు. నాటకంలో ఇవేవీ లేవు. రెండూ చూసిన మామూలు మనిషికి "ఇది అచ్చం దాని కాపీయే" అని గట్టిగా అనిపించాలి, అప్పుడే తప్పు అవుతుందని కోర్టు కొలత పెట్టింది. ముగ్గురు జడ్జీల్లో ఒకరు కొంచెం తటపటాయిస్తూనే ఒప్పుకున్నారు. నాకైతే ఆ తటపటాయింపు కూడా న్యాయంగానే కనిపిస్తుంది. చట్టం ప్రకారం తప్పు లేకపోయినా, కథ విన్నవాడు ఆ రచయితకు ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది.

ఆ కొలతతో చూస్తే మన ట్యాంకరు కథల గొడవ ఒక నిమిషంలో తేలిపోతుంది.

ఈ విచారం మనవాళ్లకు కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడనే పండితుడు ధ్వన్యాలోకం రాస్తూ, ఒక కవి మాట ఇంకో కవి మాటను పోలి ఉంటే అది మూడు రకాలన్నాడు. మొదటిది అద్దంలో ప్రతిబింబం: ఉన్నది ఉన్నట్టు దించడం. రెండోది చూసి గీసిన బొమ్మ: కాస్త రంగు మారుతుంది, ప్రాణం మాత్రం రాదు. మూడోది ఇద్దరు మనుషుల పోలిక లాంటిది. ముఖాలు కలుస్తాయి, అయినా ఎవరి ప్రాణం వాళ్లదే. మొదటి రెండూ వదిలేయమన్నాడు, మూడోదానికి దోషం లేదన్నాడు. పిల్లలకు ఇంతకన్నా తేలిగ్గా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

తెలుగులోకి వస్తే, మన సాహిత్యం మొదలైందే తీసుకోవడంతో. వ్యాసుడి భారతాన్ని నన్నయ గారు తెలుగు చేయబూని, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. తిక్కన గారు విరాటపర్వం నుంచి అందుకున్నారు. మధ్యలో మిగిలిన భాగాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన గారు పూర్తి చేశారు. చేసి, ఆ భాగాన్ని తన పేరు మీద పెట్టుకోలేదు. నన్నయ గారే రాసినట్టుగా రాజరాజనరేంద్రుడికే అంకితం ఉంచారు. ఇతరుల రాత కింద తన పేరు పెట్టుకునేవాళ్లను చూస్తుంటాం, ఈయన తన రాత కింద ఇతరుల పేరు పెట్టారు!

ఇక రామరాజభూషణుడి వసుచరిత్ర. ఉపరిచర వసువు కథ భారతంలో చిన్నది. కోలాహల పర్వతం శుక్తిమతి నదిని అడ్డగించడం, గిరిక పుట్టడం, వసువు ఆమెను పెళ్లాడటం, అంతే. దాన్ని ఆయన పెద్ద ప్రబంధం చేశాడు. పూర్తిగా కల్పించిన కథ కృత్రిమ రత్నమనీ, పాత కథ గనిలో దొరికిన రత్నమనీ, పాత కథకు కవి కల్పన తోడైతే సానపట్టిన జాతిరత్నమనీ ఆయన లెక్క. అదే శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయం కథ మొత్తం సొంతంగా అల్లాడు కాబట్టి ఈ లెక్కను అందరూ ఒప్పుకోనక్కర్లేదు. నేనూ ఒప్పుకోను. అయితే వసుచరిత్రకు వచ్చిన పేరు చూసి తరవాత చాలామంది కవులు అదే అచ్చులో కావ్యాలు పోశారు. వాటికి పండితులు పెట్టిన పేరు 'పిల్ల వసుచరిత్రలు'. పాత కథ తీసుకున్నందుకు రామరాజభూషణుణ్ణి ఎవరూ తప్పు పట్టలేదు, ఆయన ధోరణిని అట్లాగే దించినవాళ్లకు మాత్రం ఈ పేరు మిగిలింది.

పాటల సంగతీ అంతే. చెన్నపట్నం దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో ముత్తుస్వామి దీక్షితార్ ఇంగ్లీషు బ్యాండు వరసలు విన్నారు. ఆ వరసలకు సంస్కృతంలో సాహిత్యం కూర్చారు. వాటినే నోట్టుస్వరాలంటారు. 'సంతతం పాహిమాం' వరస బ్రిటిష్ వాళ్ల రాజగీతానిదే. ఇప్పటికీ సంగీతం నేర్చుకునే పిల్లలు పాడుతూనే ఉన్నారు. నోట్టు అన్న పేరులోనే అవి ఎక్కడివో తెలిసిపోతుంది.

ఇప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది చెబుతాను. తమిళనాడులో పెరిగే మన పిల్లలు కథలు చదివేది ఎక్కువగా తమిళంలో, రాసేది తెలుగులో. ఒక తమిళ కథ నచ్చితే దాన్ని తెలుగులో రాసి కింద తన పేరు పెట్టేస్తారు. "తెలుగులో ఎక్కడా లేదు కదా సార్, సొంతమే" అంటారు అమ్మానాన్నలు కూడా. భాష మారినా కథ రాసినవాళ్లదే. అనువాదం చేసే హక్కు కూడా మూల రచయితదే అని 1957 కాపీరైట్ చట్టం చెబుతోంది. రచయిత పోయాక 60 ఏళ్ల దాకా అది వారసులకు ఉంటుంది. 1921లో పోయిన సుబ్రహ్మణ్య భారతిని, 1915లో పోయిన గురజాడను నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. శ్రీశ్రీ 1983లో పోయారు, ఆయన రచనల మీద హక్కు 2043 చివరిదాకా ఉంటుంది. నిజానికి తమిళం నుంచి చక్కగా తెలుగు చేయగల పిల్లలు మన బడికి పెద్ద ఆస్తి. ఆంధ్రలో చదివే పిల్లల్లో ఎందరు ఆ పని చేయగలరు? అట్లాంటి పనిని దాచిపెట్టి సొంత కథ అని చెప్పుకోవాల్సిన అవసరం ఏముంది?

వార్షికోత్సవంలో సినిమా పాటకు డాన్సు చేయించొచ్చా అని కూడా అడుగుతున్నారు. బడి కార్యక్రమంలో భాగంగా, చూసేవాళ్లు టీచర్లు, పిల్లలు, వాళ్ల ఇంటివాళ్లు, బడికి సంబంధించినవాళ్లు మాత్రమే అయితే చట్టం ఒప్పుకుంటుంది. ఆ వీడియో తీసుకెళ్లి నెట్‌లో పెట్టడానికి ఈ వెసులుబాటు వర్తించదు. ఫోనులో అడిగితే కవిత రాసిచ్చే యాప్‌ల గురించి ఒక్క మాట: అది ఇచ్చిన కవిత కింద మీ పేరు రాసి పంపకండి, పోటీకి తీసుకోం.

ఈసారి రచన కింద ఒక వరస కలుపుతున్నాం. సొంత ఊహ అయితే ఏమీ రాయక్కర్లేదు. అవ్వ చెప్పిన కథ అయితే 'మా అవ్వ చెప్పగా విన్నది' అని, పాత కథను మార్చి రాస్తే ఆ కథ పేరు, తమిళం నుంచో కన్నడం నుంచో తెస్తే రచయిత పేరు, పుస్తకం పేరు రాయండి. ఇలా రాసినందుకు మార్కులు తగ్గవు. అనువాదాలకు ఈ ఏడాది నుంచి విడిగా బహుమతి ఉంది, అయితే పత్రికలో అచ్చు వేయడానికి హక్కుల సంగతి మేమే చూసుకుంటాం. మూల కథ జిరాక్సు ఒకటి జతచేసి తెలుగు అయ్యవారికి ఇవ్వండి. పుస్తకమే తెచ్చి ఇచ్చినా సరే, జిరాక్సు తీసుకుని అదే రోజు తిరిగి ఇచ్చేస్తాం.