శీతల ప్రాంతాల్లో ఇంటిలోపల లావెండర్ నారు పెంపకం – ఒక వివరణ

1. ఉపోద్ఘాతం:
లావెండర్ తులసి కుటుంబానికి చెందిన బహువార్షిక పొద. మధ్యధరా ప్రాంతపు రాతి కొండవాలులు దీని పుట్టినిల్లు. అమెరికాలోని మిన్నెసోటా వంటి రాష్ట్రాల్లో వేసవి చాలా చిన్నది. ఏప్రిల్ గడిచినా మంచు భయం తొలగదు. అందువల్ల అక్కడ విత్తనంతో లావెండర్ పెంచదలచినవారు నారును ఇంటిలోపలే సిద్ధం చేసుకోవాలి. అక్కడ స్థిరపడిన తెలుగువారు చలికాలంలో తులసికుండీని ఇంట్లోకి తెచ్చి, వెచ్చగా ఉంచి, తరచూ నీరు పోసి కాపాడుకొంటారు. ఒకే కుటుంబపు మొక్క కదా అని లావెండర్‌కూ అదే పద్ధతి పాటిస్తే నారు దక్కదు. ఈ నారుకు శత్రువు చలి కాదు. నిలిచిన తడి, చాలని వెలుతురు. ఈ విషయాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. విత్తన ఎంపిక:
చలిని బాగా తట్టుకొనేది ఇంగ్లీష్ లావెండర్. మన్‌స్టెడ్, హిడ్‌కోట్ ఇందులో ప్రసిద్ధ రకాలు. ‘లావెండర్ లేడీ’ విత్తిన ఏడాదే పూయగలదు. లావెండిన్ అనే సంకరజాతికి మొలకెత్తే విత్తనాలు ఏర్పడవు; దానిని కొమ్మ కత్తిరింపులతోనే వృద్ధి చేయాలి.

3. శీతల చికిత్స, విత్తే విధానం:
లావెండర్ విత్తనం నిద్రావస్థలో ఉంటుంది. తడి ఇసుకలో కలిపి, మూతగల సంచిలో ఉంచి, ఫ్రిజ్‌లో సుమారు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద 3 నుంచి 4 వారాలు నిల్వచేస్తే ఆ నిద్ర వీడుతుంది. ఆరుబయట చలికాలం చేసే పనినే ఇక్కడ ఫ్రిజ్ చేస్తుంది. మే మధ్యలో బయట నాటాలంటే జనవరి చివర ఈ చికిత్స మొదలుపెట్టి, ఫిబ్రవరి చివర విత్తాలి. మొలకెత్తడానికి వెలుతురు సహకరిస్తుంది కనుక విత్తనాన్ని లోతుగా పూడ్చక, మట్టిపై చల్లి మెల్లగా అదమాలి. 18 నుంచి 21 డిగ్రీల వద్ద 2 నుంచి 4 వారాల్లో మొలకలు వస్తాయి. మొలకలన్నీ ఒకేసారి రావు, ఓర్పు అవసరం.

4. నారుకుళ్ళు – కారణం, నివారణ:
మొలకెత్తిన తొలి వారాల్లోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. పిథియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవులు కాండాన్ని మట్టి మట్టంలో కుళ్ళబెడతాయి. నారు ఒక్కరాత్రిలో ఒరిగిపోతుంది. లావెండర్ నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి లేతదశలో ఎక్కువకాలం ఉంటుంది, ప్రమాదమూ ఎక్కువే. శుభ్రమైన ట్రేలు, పెర్లైట్ కలిపిన తేలికపాటి మిశ్రమం వాడాలి. మొలకలు కనబడగానే ప్లాస్టిక్ మూత తీసివేయాలి. పైమట్టి ఆరాకే ట్రే అడుగునుంచి నీరందించి, మిగిలిన నీటిని పారబోయాలి. చిన్న ఫ్యాన్‌తో గాలి ఆడనివ్వాలి.

5. వెలుతురు:
ఫిబ్రవరిలో కిటికీ వెలుతురు చాలదు. వెలుతురు తగ్గితే కాండం సన్నగా సాగుతుంది, మొక్క నీటిని తక్కువగా పీల్చుకొంటుంది, మట్టి ఆరదు. అంటే వెలుతురు కొరత కూడా చివరికి తడి సమస్యగానే పరిణమిస్తుంది. ఎల్‌ఈడీ దీపాలను నారుకు దగ్గరగా అమర్చి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించాలి.

6. బయటికి మార్చడం:
నిజమైన ఆకులు రెండుమూడు జతలు వచ్చాక నారును విడివిడి కుండీల్లోకి మార్చి, తరువాత కొనలు తుంచితే మొక్క గుబురవుతుంది. మంచు భయం తొలగాక, 7 నుంచి 10 రోజులపాటు కొద్దికొద్దిగా ఎండగాలులకు అలవాటుచేసి, నీరు నిలవని ఎండనేలలో నాటాలి.

7. ముగింపు:
విత్తనానికి చలి, మొలకకు వెలుతురు, వేరుకు ఆరుదల – ఈ క్రమం తప్పనివారికి లావెండర్ నారు దక్కుతుంది. తులసికి మేలుచేసే వెచ్చదనం, తరచు తడి లావెండర్‌కు చేటు. కుటుంబం ఒక్కటైనా పుట్టిన నేలలు వేరు. మొక్క అవసరాన్ని ఆ నేలే నిర్ణయిస్తుంది.