తెరకెక్కిన తాలింఖానా

జిమ్ గోడలు దాటి ఇంటర్నెట్‌లో దుకాణం తెరిచిన వ్యాయామ శిక్షకులకు గిరాకీ ఉంది. అయితే తాము అమ్ముతున్నదేమిటో తెలిసినవారే నిలదొక్కుకోగలరు

హైదరాబాద్‌లో ఉదయం ఐదున్నర. వీధిలో పాలప్యాకెట్ల సందడి మొదలయ్యే వేళ. వేసవిలోనైతే సరిగ్గా అదే క్షణాన న్యూజెర్సీలో ముందురోజు రాత్రి ఎనిమిది. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల భోజనాలు ముగించి, హాల్లో చాప పరుచుకున్న తెలుగు ఇల్లాలికి ఇక్కడి అద్దె గదిలో ల్యాప్‌టాప్ ముందు నిలబడ్డ శిక్షకుడు స్క్వాట్లు లెక్కపెడుతుంటాడు. మోకాళ్లు లోపలికి వంగుతున్నాయని హెచ్చరిస్తాడు. ఫీజు డాలర్లలో, హెచ్చరిక తెలుగులో. ఆన్‌లైన్ పర్సనల్ ట్రైనింగ్ అనే ఈ వ్యాపారం ఇప్పుడు వింత కాదు.

చాలామంది ఈ దారి పట్టింది గత్యంతరం లేకనే. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. జిమ్‌లు తెరవడానికి ఆ ఏడాది ఆగస్టు 5 దాకా కేంద్రం అనుమతించలేదు. కొద్దిపాటి జీతం, దానికి తోడు పర్సనల్ ట్రైనింగ్ ఫీజులో వాటాతో నెట్టుకొచ్చే ట్రైనర్లకు రెండూ ఆగిపోయాయి. చేతిలో మిగిలినవి స్మార్ట్‌ఫోన్, పాత క్లయింట్ల నంబర్లు. వాట్సాప్ వీడియో కాల్‌తో మొదలైన ఆపద్ధర్మం కొందరికి పూర్తికాలపు వృత్తిగా మారింది.

గిరాకీ ఎందుకుందో అంకెలే చెబుతాయి. 2022 నాటికి భారత్‌లో వయోజనుల్లో దాదాపు సగం మందికి తగినంత శారీరక శ్రమ లేదని 2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. 2000లో అలాంటివారు 22 శాతమే. మహిళల్లోనైతే ఇప్పుడది 57 శాతం. దేశంలో మధుమేహుల సంఖ్య 10 కోట్లు దాటిందని భారత వైద్య పరిశోధన మండలి 2023లో తేల్చింది. డాక్టర్లు వ్యాయామం చేయమంటారు. కానీ చిన్న ఊళ్లలో జిమ్ అంటే ఇప్పటికీ కుర్రాళ్ల అడ్డా. అక్కడ అడుగుపెట్టడానికి మొహమాటపడే నడివయసు గృహిణికి తలుపేసుకుని చేసుకునే వ్యాయామమే నయం.

పైగా పెట్టుబడి తక్కువ. జిమ్ పెట్టాలంటే అడ్వాన్సు, అద్దె, లక్షల విలువైన పరికరాలు కావాలి. ఆన్‌లైన్‌లోనైతే మంచి కెమెరా, వెలుతురు, నమ్మకమైన బ్రాడ్‌బ్యాండ్, యూపీఐ క్యూఆర్ కోడ్ చాలు. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే కాల్ తెగిపోతుంది కనుక దానికి కొంత చందా. పుణెకు చెందిన జితేంద్ర చౌక్సే మిత్రులకు వాట్సాప్ గ్రూపులో ఇచ్చిన ఉచిత సలహాలే తర్వాత 'ఫిట్టర్' అనే కంపెనీకి నాంది అయ్యాయి. ఆ కథ విన్న ప్రతి ట్రైనర్‌కూ ఆశ పుట్టడం సహజమే.

చిక్కల్లా ఒక్కటే. వ్యాయామం ఎలా చేయాలో యూట్యూబ్ ఉచితంగా చూపిస్తోంది. మరి డబ్బెందుకివ్వాలి? తనను ఒకరు గమనిస్తున్నారన్న భరోసా కోసం. మోకాలి నొప్పిని గుర్తుపెట్టుకుని ఆ రోజు వ్యాయామం మార్చేందుకు, రెండు రోజులు కనిపించకపోతే ఫోన్ చేసేందుకు ఓ మనిషి కావాలి. అమ్ముడయ్యేది ఆ శ్రద్ధే. శ్రద్ధను జిరాక్స్ తీయలేం.

లెక్క వేసి చూద్దాం. ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటల చొప్పున వారానికి ఆరు రోజులు పనిచేసే ట్రైనర్‌కు 48 గంటలుంటాయి. ఒక్కో క్లయింటుకు వారానికి మూడు గంటలంటే 16 మందికి మించి చూడలేడు. గంటకు రూ.500 చొప్పున నెలకు 12 గంటలకు ఒక్కొక్కరు రూ.6,000 ఇస్తారనుకుంటే ఆదాయం రూ.96,000. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పరీక్షలు, పెళ్లిళ్లు, పండుగల నెలల్లో సగం గంటలు ఖాళీ. తనకు జ్వరమొస్తే ఆదాయం సున్నా. అందుకే చాలామంది అడ్డదారి తొక్కుతారు. ఒకే డైట్ చార్టు, ఒకే వ్యాయామ పట్టిక పేరు మార్చి వందలమందికి పంపుతారు. మొదటి నెల డబ్బు వస్తుంది. రెండో నెల క్లయింటు రాడు.

అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. ఇన్సులిన్ తీసుకునేవారు తగిన జాగ్రత్త లేకుండా కసరత్తు చేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. కళ్లు తిరిగి పడిపోతే తెర అవతలివాడు చేయందించలేడు. గుండె జబ్బు, ఛాతీనొప్పి, కీళ్ల సమస్యల గురించి ముందే అడిగే 'పార్-క్యూ' అనే ఏడు ప్రశ్నల పత్రం ప్రపంచమంతా వాడుకలో ఉంది. దాన్ని నింపించడం, ఇంట్లో మరొకరి ఫోన్ నంబరు రాసుకోవడం, అవసరమైతే డాక్టర్ అనుమతి లేనిదే మొదలుపెట్టనని చెప్పడం మంచి శిక్షకుడి లక్షణాలు. అలా చెప్పినందుకు ఆ రోజు ఒక ఫీజు పోవచ్చు.

ఈ రంగంలో ప్రవేశానికి గేటు లేదు. ఫిజియోథెరపిస్టులు, డైటీషియన్లు 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందకు వచ్చారు. వ్యాయామ శిక్షకులు రాలేదు. కండలే సర్టిఫికెట్‌గా చలామణి అవుతున్నాయి. అలాగని పగ్గాలే లేవనుకుంటే పొరపాటు. ఆరోగ్య నిపుణులమని చెప్పుకుని ప్రచారం చేసేవారు తమ అర్హతలు వెల్లడించాలని 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలిచ్చింది. క్లయింట్ల ముందు-తర్వాత ఫొటోలు, రక్తపరీక్షల నివేదికలు ఫోన్‌లో దాచుకునేవారికి అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వర్తిస్తుంది. ఏడాది రాబడి రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు.

మరి దారేది? పదిహేను మందితో మొదలుపెట్టి, మధుమేహులో, బాలింతలో, అరవై దాటినవారో, ఏదో ఒక వర్గాన్ని ఎంచుకుని, వారి అవసరాలపై చదువుకుని పట్టు సాధించడం ఒకటి. నలుగురైదుగురితో చిన్న బృందాలు నడపడం మరొకటి. ఒక్కొక్కరి ఫీజు తగ్గుతుంది, గంట విలువ పెరుగుతుంది, ప్రతి ముఖమూ తెరమీద కనిపిస్తూనే ఉంటుంది. ఆరో వ్యక్తి వచ్చినప్పుడు కాదనగలగడమే కష్టం.

ఊళ్లో తాలింఖానా నడిపిన ఉస్తాదుకు శిష్యుల పేర్లే కాదు, ఎవరి భుజం ఎప్పుడు బెణికిందో కూడా గుర్తుండేది. ఆన్‌లైన్ ఉస్తాదుకూ అదే అసలు పెట్టుబడి. కెమెరా, లైట్లు తర్వాతైనా కొనుక్కోవచ్చు.