సముద్రం ఎరుగని సాల్మన్: ఒక చేపకు పేర్లెన్నో, ఒక పేరుకు చేపలెన్నో

జపాన్‌లోని తజావా సరస్సులో 1940 తరువాత కనిపించకుండా పోయి, అంతరించిన జాతుల జాబితాలో చేరిన ఒక చేప 2010లో మరో సరస్సులో బయటపడింది. ఆ 70 ఏళ్లూ అక్కడి జాలరులకు అది చిక్కుతూనే ఉంది. అయితే వారు దానికి పెట్టుకున్న పేరు వేరు. సముద్రానికి వెళ్లకుండా మంచినీటిలోనే బతికే సాల్మన్ చేపల విషయంలో పేర్ల గందరగోళం ఎంత దూరం తీసుకుపోగలదో తెలిపేందుకు ఈ ఒక్క ఉదంతం చాలు.

జాతి కాదు, జీవన విధానం

సాల్మన్ చేపలు సాధారణంగా మంచినీటి వాగులలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టేందుకు తిరిగి నదులకు చేరుకుంటాయి. కొన్ని చోట్ల మాత్రం అవి సముద్రయానం మానుకుని సరస్సులోనే పెరిగి, అందులో కలిసే వాగులలో గుడ్లు పెడతాయి. వీటినే ‘ల్యాండ్‌లాక్డ్ సాల్మన్’ అంటారు. నేల మధ్య చిక్కుకుపోయిన సాల్మన్ అని ఆ మాటకు అర్థం.

మంచుయుగం ముగిసి నేల పైకి లేవడంతో స్వీడన్‌లోని వానెర్న్, ఫిన్లాండ్‌లోని సైమా సరస్సుల చేపలకు సముద్రంతో సంబంధం తెగిపోయింది. వాటి విషయంలో ఆ పేరు సార్థకమే. కానీ దిగువకు దారి ఉన్నప్పటికీ సరస్సును విడిచి వెళ్లని సాల్మన్ చేపలు కూడా ఉన్నాయి. కాబట్టి ఈ పేరు చేప ఎలా జీవిస్తుందో చెబుతుందే తప్ప, అది ఏ జాతికి చెందిందో చెప్పదు.

అట్లాంటిక్ తీరంలో ఒక చేప, అనేక పేర్లు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ల్యాండ్‌లాక్డ్ సాల్మన్ అంటే అట్లాంటిక్ సాల్మనే. దాని శాస్త్రీయ నామం సాల్మో సలార్. తొలుత ఆ రాష్ట్రంలోని నాలుగు నదీ పరీవాహక ప్రాంతాలకే పరిమితమైన ఈ చేపను 1969లో రాష్ట్ర చేపగా ప్రకటించారు. సెబాగో సరస్సు పేరు మీదుగా దీనికి ‘సెబాగో సాల్మన్’ అన్న పేరు కూడా ఉంది. కెనడాలోని క్యుబెక్‌లో ఇదే చేపను స్థానిక ఇన్ను ప్రజల భాష నుంచి వచ్చిన ‘వానానీష్’ అన్న పేరుతో పిలుస్తారు. 19వ శతాబ్దంలో కొందరు శాస్త్రజ్ఞులు సెబాగో చేపకు, వానానీష్‌కు వేర్వేరు జాతి నామాలు పెట్టారు. తరువాతి కాలంలో ఆ రెండూ సాల్మో సలార్‌లోనే కలిసిపోయాయి.

పసిఫిక్ వైపు, బ్రిటిష్ కొలంబియా, ఐడహో తదితర ప్రాంతాలలో సరస్సు సాల్మన్‌గా పేరొందినది ‘కోకనీ’. ఇది సాకై సాల్మన్, అంటే ఆంకోరింకస్ నెర్కా జాతికి చెందిన మంచినీటి రూపం. మెయిన్ చేప గుడ్లు పెట్టిన తరువాత కూడా బతికి, మళ్లీ గుడ్లు పెట్టగలదు. కోకనీ ఒక్కసారి గుడ్లు పెట్టి మరణిస్తుంది. మొదటిది ప్రధానంగా చిన్న చేపలను వేటాడుతుంది. రెండవది నీటిలో తేలియాడే సూక్ష్మజీవులను వడగట్టి తింటుంది. రెండింటినీ ఒకే పేరుతో, ఒకే తీరుగా సంరక్షించడం సాధ్యం కాదు.

గుర్తించేదెలా

ల్యాండ్‌లాక్డ్ అట్లాంటిక్ సాల్మన్‌ను ఎక్కువగా బ్రౌన్ ట్రౌట్‌గా పొరబడుతుంటారు. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. రంగును నమ్ముకోరాదు. నీటి స్వభావం, ఆహారం, వయసు, గుడ్లు పెట్టే కాలాన్ని బట్టి అది మారిపోతుంది. దేహ నిర్మాణాన్ని పరిశీలించాలి.

సాల్మన్‌కు తోక మొదలు సన్నగా ఉంటుంది, తోక రెక్క అంచు కొద్దిగా లోపలికి వంగి ఉంటుంది. బ్రౌన్ ట్రౌట్‌కు తోక మొదలు మందంగా ఉండి, పెరిగిన చేపలో తోక అంచు దాదాపు తిన్నగా ఉంటుంది. ట్రౌట్ పై దవడ కంటి వెనుక అంచును దాటి పోతుంది. ఒక మోస్తరు సాల్మన్‌లో అది కంటి వెనుక అంచుతో ఆగిపోతుంది. వీపు చివర ఉండే చిన్న కొవ్వు రెక్కకు ఎర్రని లేదా నారింజ రంగు అంచు ఉంటే అది ట్రౌట్ కావచ్చు. అంగిలి నడుమ ఉండే పళ్లు ట్రౌట్‌లో బలంగా, సాల్మన్‌లో తక్కువగా, బలహీనంగా ఉంటాయి. ఏ ఒక్క లక్షణంతోనో తేల్చకుండా రెండు మూడింటిని కలిపి చూడాలి.

కోకనీని వేరు చేయడం సులువు. పొట్ట కింద వెనుకవైపు ఉండే గుద రెక్కలో దానికి 13 లేదా అంతకు మించి కిరణాలుంటాయి. అట్లాంటిక్ సాల్మన్‌కు, బ్రౌన్ ట్రౌట్‌కు అంతకంటే తక్కువ. పైగా కోకనీ వీపుపై స్పష్టమైన నల్ల మచ్చలుండవు.

ఈ తేడాలు ఆచరణలో ముఖ్యమైనవే. చేపలు పట్టే చోట కనీస పొడవు, రోజుకు ఎన్ని పట్టవచ్చన్న పరిమితులు సాధారణంగా జాతిని బట్టి మారుతాయి.

ఆసియాలో

జపాన్‌లో సమస్య తిరగబడుతుంది. మాసు అనే సాల్మన్ జాతిలో వాగునే అంటిపెట్టుకున్న చేపను ‘యమమే’ అని, సముద్రానికి వెళ్లి వచ్చిన చేపను ‘సకురమాసు’ అని పిలుస్తారు. ఒకే తల్లి పిల్లలే రెండు పేర్లకూ పంచుకుపోవచ్చు. ఇదే బంధుగణానికి చెందిన తైవాన్ సాల్మన్ దాజియా నది ఎగువ వాగులకే పరిమితమై, అంతరించే ముప్పును ఎదుర్కొంటోంది. తైవాన్ 2,000 డాలర్ల నోటుపై ఈ చేప బొమ్మ ఉంది.

భారతీయ విపణిలో ‘ఇండియన్ సాల్మన్’గా అమ్మేది అసలు సాల్మన్ కుటుంబానికే చెందదు. ముంబయిలో రావస్, తెలుగు తీరంలో మాగ అని పిలిచే సముద్రపు చేప అది. దాని రొమ్ము రెక్కల కింద దారాల వంటి పోగులు వేలాడుతుంటాయి. వీపుపై రెండు వెన్ను రెక్కలుంటాయి, కొవ్వు రెక్క ఉండదు. సాల్మన్‌కు ఆ పోగులు ఉండవు, కొవ్వు రెక్క తప్పక ఉంటుంది. మాగ రుచికరమైన చేపే. అయితే ధర విషయంలో కానీ, పోషక విలువల విషయంలో కానీ రెండింటినీ ఒకటిగా లెక్కించడం సరికాదు.

కునిమాసు చెప్పిన పాఠం

తజావా సరస్సు చేప పేరు కునిమాసు. 1940లో జలవిద్యుత్తు, సాగు అవసరాల కోసం ఆమ్లగుణం గల నదీజలాలను ఆ సరస్సులోకి మళ్లించడంతో అది అక్కడ నశించింది. అంతకు ముందు, 1935లో, దాని గుడ్లను ఫుజి పర్వతం సమీపంలోని సైకో సరస్సుకు పంపారు. అక్కడ అది నిలదొక్కుకున్న సంగతి ఎవరికీ తెలియలేదు. సైకో జాలరులు దానిని ‘కురోమాసు’ అని, అంటే నల్లని మాసు అని పిలిచేవారు. సాకై సాల్మన్ మంచినీటి రూపమైన హిమెమాసులోనే అదొక రకమని భావించారు.

2010లో క్యోటో విశ్వవిద్యాలయ ఆచార్యుడు తెత్సుజి నకబో కోరిక మేరకు చిత్రకారుడు సకనా-కున్ కునిమాసు బొమ్మ గీయడానికి పూనుకున్నారు. పోలిక కోసం ఆయన సైకో నుంచి హిమెమాసు చేపలను తెప్పించగా, వాటిలో కొన్ని అసాధారణంగా నల్లగా ఉన్నాయి. మొప్పల లోపలి ముళ్ల సంఖ్యను, జీర్ణకోశానికి అనుబంధంగా ఉండే సన్నని గొట్టాల సంఖ్యను, జన్యువులను పరిశీలించిన నకబో బృందం అవి కునిమాసులేనని తేల్చింది.

ఇక్కడ స్థానిక నామాన్ని తప్పుపట్టనవసరం లేదు. ఆ చేప మిగిలినవాటికి భిన్నమని జాలరులు గమనించారు, ఆ గమనింపును పేరులోనే భద్రపరిచారు. లోపమల్లా ఆ పేరు పక్కన శాస్త్రీయ నామం లేకపోవడమే. సంరక్షణ జాబితా అయినా, చేపల దుకాణంలోని ధరల పట్టిక అయినా, ఆ రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటే ఏ చేప గురించి మాట్లాడుతున్నామో అందరికీ స్పష్టంగా తెలుస్తుంది.