హైదరాబాదునుండి లండనునకు

మా పొరుగింటి తల్లి యొకతె, తన కుమారుడు లండనులో మధ్యాహ్నము 2 గంటలకు విమానమెక్కుననియు, ప్రయాణము తొమ్మిదిన్నర గంటలు పట్టుననియు విని, రాత్రి 11½ గంటలకు హైదరాబాదు చేరునని లెక్క వేసికొనెను. అర్ధరాత్రి దాటినను వార్త రాకపోవుటచే నామె కంటికి కునుకు లేక తల్లడిల్లెను. విమానమునకేమియు కాలేదు, లెక్కయే తప్పు. ఇట్టి తప్పు మనలో ననేకులు చేయుదురు గాన, ఈ విషయమును కొంచెము విచారింతము.

మొదట దూరము. మెర్కేటరు పద్ధతిని గీచిన గోడపటములో ఈ రెండు నగరములను బద్దతో కలిపినచో, ఆ గీత పారసీక సింధుశాఖ శిరోభాగమునకు చేరువగా పోవును. కాని భూమి బల్లపరుపుగా లేదు. భూగోళముపై హైదరాబాదుకడ దారపు కొననుంచి లండనువరకు బిగువుగా లాగి చూడుడు. దారము కాస్పియను సముద్రముమీదుగా, అనగా పటములోని గీతకు సుమారు వేయి కిలోమీటర్లు ఉత్తరముగా పోవును. గోళముపై అతి దగ్గరి త్రోవ యిదియే. దీనినే మహావృత్తమార్గమందురు. దీని పొడవు సుమారు 7,750 కిలోమీటర్లు. అయినను విమానములు సర్వదా దీనినే యనుసరింపజాలవు. యుద్ధకారణమున 2022 ఫిబ్రవరిలో యుక్రెయిను గగనము పౌరవిమానములకు మూయబడగా, చుట్టు తిరుగవలసివచ్చినది.

ఇక కాలము. విమానము గాలిలో గంటకు 900 కిలోమీటర్లు పోవుననుకొందము. గాలి నిశ్చలమైనచో ప్రయాణము 8 గంటల 37 నిమిషములు. కాని సుమారు పది కిలోమీటర్ల యెత్తున పడమటినుండి తూర్పునకు బలమైన వాయుప్రవాహములు వీచుచుండును. ఏటికెదురీదువానికిని, ఏటివాలున పోవువానికిని గల భేదమే యిచ్చటను కలదు. గాలివేగము సగటున 60 కిలోమీటర్లైనచో, లండనునకు పోవునపుడు 9 గంటల 14 నిమిషములును, తిరిగి వచ్చునపుడు 8 గంటల 4 నిమిషములును పట్టును. నేలపై నడక, ఎక్కుట, దిగుట, చుట్టుత్రోవ కలియుటచే పట్టికలలో నింతకంటె హెచ్చుకాలము చూపుదురు.

పూర్వమో? 1929లో లండను కరాచీల నడుమ వైమానికపు టపా ఆరంభమైనపుడు, నడుమ కొంతదూరము రైలుతో కూడ, ఏడుదినములు పట్టెను. 1948 జూను 8వ తేదీన బొంబాయినుండి లండనునకు బయలుదేరిన మన దేశపు తొలివిమానము కైరో, జెనీవాలలో ఆగుచు పోయెను.

ఇపుడా తల్లి లెక్క చూతము. భూమి గంటకు 15 అంశలు తిరుగును. మన గడియారము 82½ అంశల తూర్పురేఖ ననుసరించును, లండనుది సున్నరేఖను. కావున మన గడియారము ఐదున్నర గంటలు ముందుండును. మధ్యాహ్నము 2 గంటలకు తొమ్మిదిన్నర కలుపగా లండనులో రాత్రి 11½. దానికి ఐదున్నర కలుపగా మనకు ఉదయము 5 గంటలు. ఆ కుమారుడు సరిగా ఆ వేళకే దిగెను!

బాలబాలికలారా! మార్చి కడపటినుండి అక్టోబరు కడపటివరకు బ్రిటనులో గడియారమును ఒక గంట ముందునకు జరుపుదురు. అప్పుడా విమానము మనకెన్ని గంటలకు చేరును? లెక్కించి మీ తల్లిదండ్రులకు చెప్పుడు. దూరదేశమందలి బిడ్డకై ఎదురుచూచువారికి, సరియైన లెక్క యొక రాత్రి నిద్ర నొసగును.