ఓడ మునకలో సరుకు లెక్క

మేడ్చల్ వాళ్లు సముద్రం చూడాలంటే బందరు వెళ్లినా మూడొందల కిలోమీటర్లు దాటాల్సిందే. అయినా షామీర్‌పేట చెరువు దాటాక కనిపించే జీనోమ్ వ్యాలీకీ, మేడ్చల్ చుట్టుపక్కల మందుల కంపెనీలకూ సముద్రంతో గట్టి చుట్టరికమే ఉంది. ఇక్కడి టీకాలు విమానమెక్కుతాయి, సరే. మరి మందుల తయారీకి కావాల్సిన రసాయనాల డ్రమ్ములు? చాలావరకు చైనా రేవుల్లో కంటైనర్లకెక్కి, ముంబయి పక్కన నవా శేవా లాంటి చోట్ల దిగి, రైలో లారీయో పట్టుకుని వస్తాయి. ఓడ ఆలస్యమైతే ఇక్కడ పని ఆగుతుంది.

అసలు సముద్రమ్మీద ఇవాళ ఎంత సరుకు కదులుతోంది? కస్టమ్స్ లెక్కలు బయటికొచ్చేసరికి వారాలు పడుతుంది. ఈలోపు చెప్పగలిగేది ఓడే!

దేశాల మధ్య తిరిగే, 300 గ్రాస్ టన్నులు దాటిన ప్రతి ఓడలోనూ ఏఐఎస్ అనే పరికరం ఉండాలన్న నిబంధన 2004 చివరికల్లా అమల్లోకి వచ్చింది. ఓడలు ఢీకొనకుండా చేసిన ఏర్పాటిది. ‘నేను ఫలానా ఓడను, ఇక్కడున్నాను, ఇటు పోతున్నాను’ అంటూ కొన్ని సెకన్లకోసారి రేడియోలో చాటుతుంది. తీరంలోని యాంటెన్నాలూ, పైనున్న ఉపగ్రహాలూ వింటాయి. అందులోనే మరో అంకె కూడా వస్తుంది... ఓడ నీళ్లలో ఎంత లోతుకు మునిగిందన్నది. నావికుల భాషలో డ్రాఫ్ట్. ఆర్థికవేత్తల కన్ను పడింది దానిమీదే.

బళ్లో చదువుకున్న ఆర్కిమెడిస్ సూత్రమే ఇదంతా. విశాఖకు బొగ్గు తెచ్చే ఓడ 225 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పు ఉందనుకోండి. అది ఒక్క సెంటీమీటరు పైకి తేలితే సుమారు 65 టన్నులు దిగినట్టు. 14 మీటర్ల మునకతో వచ్చి 7 మీటర్లతో వెళ్లిందంటే 45 వేల టన్నుల పైమాటే. కానీ అసలు దిగింది అంతకన్నా ఎక్కువ! ఎందుకంటే ఖాళీ ఓడ తూలిపోకుండా వేల టన్నుల సముద్రపు నీటిని పొట్టలో నింపుకుంటుంది. ఆ బరువునూ కలిపితేనే లెక్క తేలుతుంది. పైగా ఆ డ్రాఫ్ట్ అంకెను ఓడ అధికారి చేత్తో టైప్ చేయాలి. మరిచిపోయాడా... సరుకంతా దించేసిన ఓడ కూడా నిండుకుండలాగే కనిపిస్తుంది.

డ్రమ్ములు తెచ్చే కంటైనర్ ఓడలతో చిక్కు ఇంకా పెద్దది. రేవులో 5 వేల టన్నులు దించి మరో 5 వేలు ఎక్కించుకుంటే మునకలో తేడా సున్నా. వ్యాపారం జరగనట్టేనా? అందుకే అక్కడ ఓడ సామర్థ్యం, పాత ప్రయాణాల తీరు చూసి అంచనా కట్టాల్సి వస్తుంది. బొగ్గు, ఇనుప ఖనిజం దగ్గర ఈ పద్ధతిని నమ్మినంతగా కంటైనర్ల దగ్గర నమ్మలేం. ఒక్క ఓడ లెక్క కన్నా వందల ఓడల మొత్తమే నయం.

ఆ మొత్తాల విలువ ఎర్రసముద్రంలో తెలిసింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి 2023లో పోర్ట్‌వాచ్‌ను ప్రారంభించాయి. ఆ ఏడాది చివర్లో హౌతీల దాడులు మొదలయ్యాయి. 2024 తొలి రెండు నెలల్లో సూయజ్ మీదుగా సాగే సరుకు అంతకుముందు ఏడాదితో పోలిస్తే సగానికి పడిపోయిందనీ, ఆఫ్రికా కొసను చుట్టి వెళ్లేది 74 శాతం పెరిగిందనీ ద్రవ్యనిధి మార్చి మొదట్లోనే చెప్పగలిగింది. మన మాత్రలు ఓడలో యూరప్ వెళ్లే దగ్గర దారి ఆ సూయజే మరి.

అయితే ఫలానా ఓడలో తన డ్రమ్ములున్నాయో లేదో తెలియాలంటే మాత్రం మేడ్చల్ వ్యాపారి ఇప్పటికీ బిల్ ఆఫ్ లేడింగ్ ముందు పెట్టుకుని షిప్పింగ్ ఏజెంటుకు ఫోన్ కొట్టాల్సిందే.